పాఠశాలలో బాలల క్షేమము – లెక్క చెప్పవలసినవారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో గ్రంథాలయమును గూర్చియే ప్రసంగించుట ఆచారము. ఆ ఆచారమును కొంత దాటి పాఠశాల విషయమును ప్రస్తావించుటకు కారణము గ్రంథాలయపు బల్లమీదనే యున్నది. అది పుస్తకములు ఇచ్చిపుచ్చుకొను రిజిస్టరు. ఇరువదియైదేండ్లుగా ఏ పుస్తకము ఏ తేదీన ఎవరి చేతికి వెళ్ళెనో, ఎన్నడు తిరిగి వచ్చెనో అందు వ్రాయబడియున్నది. గడువు దాటినచో చందాదారుని ఇంటికి కబురు వెళ్ళును. పుస్తకము పోయినచో వెల రాబట్టుదురు. పది రూపాయల పుస్తకమైనను ఎవరో ఒకరి పేరు ఎదుట ఉండక తప్పదు.

గ్రామ లెక్కలును ఇట్టివే. అడంగలులో పేరు లేని సర్వే నెంబరు ఉండదు. పట్టా భూమి రైతు పేర ఉండును, పోరంబోకు సర్కారు పేర ఉండును. పంట లేనిచో బీడు అని వ్రాయవలెను గాని గడి ఖాళీగా వదలుటకు వీలు లేదు. ఇక ఉదయము పలక, పుస్తకముల సంచి తగిలించుకొని గడప దాటిన పిల్ల సాయంకాలము తిరిగి గడప తొక్కువరకు గడియగడియకు ఎవరి పేర ఉన్నట్లు? దారిలో ఎవరి పేర? గంట కొట్టిన తరువాత, ఉపాధ్యాయుడు గదిలోనికి రాకముందు ఎవరి పేర? మరుగుదొడ్డికి పోయినప్పుడు, ఆటస్థలములో, వంటశాల దగ్గర పళ్ళెము పట్టుకొని నిలిచినప్పుడు ఎవరి పేర? ఈ ప్రశ్నకు ప్రతి బడిలోను జవాబు వ్రాసి యుండవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

వ్యాసభారతము ఆదిపర్వమునందు పౌష్యోపాఖ్యానము కలదు. అందు ఆయోదధౌమ్యుడను గురువునకు ఆరుణి, ఉపమన్యుడు, వేదుడు అను మువ్వురు శిష్యులు. ఆరుణి కథ పలువురికి తెలిసినదే. పొలము గట్టు తెగినది, కట్టి రమ్మని గురువు పంపెను. మట్టి వేసినను నీరు ఆగలేదు. బాలుడు తానే గండికి అడ్డముగా పండుకొనెను. ఈ కథ చెప్పువారు శిష్యుని గురుభక్తిని మెచ్చుకొని సాధారణముగా అక్కడనే ఆపుదురు. ఆ పిమ్మట జరిగినదానిని పట్టించుకొనువారు తక్కువ. కొంతకాలమునకు గురువు తక్కిన శిష్యులను చూచి, ఆరుణి ఎక్కడికి పోయెనని అడిగెను. గట్టు కట్టుటకు తామే పంపితిరి గదా అని వారు చెప్పిరి. అట్లయిన అందరమును అక్కడికే పోదమని గురువు లేచి, పొలమునకు పోయి, పేరు పెట్టి పిలిచెను. ఆ పిలుపు విని బాలుడు గండినుండి లేచి వచ్చెను.

ఉపమన్యుని కథ ఇంతకంటె కఠినమైనది. అతడు ఆవులు కాచువాడు. తెచ్చిన భిక్ష తినవద్దని, పాలు త్రాగవద్దని, తుదకు దూడలు విడిచిన నురుగు సైతము ముట్టవద్దని గురువు ఒకటొకటిగా కట్టడి చేసెను. ఆకలికి ఓర్వలేక బాలుడు జిల్లేడాకులు తిని, చూపు పోగొట్టుకొని, తిరుగుచు తిరుగుచు నూతిలో పడెను. ప్రొద్దు క్రుంకెను. ఉపమన్యుడు ఇంకను రాలేదని గురువు గుర్తించి, శిష్యులతో అడవికి పోయి కేక వేసెను. నూతిలోనుండి బదులు వచ్చెను. అశ్వినీదేవతల స్తుతితో అతనికి చూపు వచ్చినదని కథ.

పురాణమునందలి గురువు గనుక ఆయన చేసినదంతయు సరియేయని చెప్పవలసిన పని లేదు. పిల్లవానిని పస్తులుంచి పరీక్షించుట నేటి న్యాయమునకు నిలువదు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము బాలలను శారీరకముగా శిక్షించుటయు, మనస్సునకు హింస కలిగించుటయు నిషిద్ధము. మీరినవారిపై ఉద్యోగ నియమముల ప్రకారము చర్య తీసికొనవలెను. అయినను ఆ గురువునందు నేటి పాఠశాలలు నేర్చుకొనదగినది ఒకటి కలదు. సాయంకాలపు లెక్క ఆయనకు తప్పలేదు. ఒకడు తక్కువైనాడని కనుగొన్నవాడు ఆయనే. ఎక్కడికి పంపెనో ఎరిగినవాడును ఆయనే. వెదకుటకు మరొకరిని పంపక స్వయముగా పోయెను.

నేటి బడులలో ఉదయపు హాజరు తప్పక పిలుతురు. మధ్యాహ్న భోజనమునకు బియ్యము కొలిచి ఇయ్యవలెను గనుక ఆ లెక్క లేనిదే గడువదు. సాయంకాలము గంట కొట్టునప్పుడు మాత్రము ఎంతమంది వచ్చిరో అంతమంది బయటికి వెళ్ళిరా అని చూచు బడులు అరుదు. ఉదయము 62 అని వ్రాసి, సాయంకాలము ఏమియు వ్రాయని హాజరు పట్టీని రాబడి వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాతో పోల్చవచ్చును. అట్టి చిట్టాను ఏ తనిఖీదారుడును ఒప్పుకొనడు.

ఇక కథలు విడిచి నిజముగా జరిగినదానికి వత్తము. 2004 జూలై 16, శుక్రవారము. తమిళనాడు తంజావూరు జిల్లాలోని కుంభకోణము. దేవాలయములకును, మహామఖమునకును పేరుపొందిన ఊరు. అచ్చట ఒకే ఆవరణలో మూడు పాఠశాలలు నడుచుచుండెను. పగటిపూట మధ్యాహ్న భోజనమునకు వంట జరుగుచుండగా వంటశాల పూరికప్పునకు నిప్పంటుకొనెను. అది మేడమీది తరగతి గదుల పూరికప్పునకు ప్రాకెను. పైనుండి దిగుటకు ఇరుకైన మెట్లే దారి. 94 మంది బాలబాలికలు మరణించిరి. వారు చిన్న తరగతుల పిల్లలు.

పూరికప్పు తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. వేసవిగాలిలో ఒక పాకకు నిప్పంటుకొన్నచో వాడ వాడయే బూడిదయగుట పెద్దలు కన్నులార చూచినదే. గాలి ఎక్కువగా ఉన్ననాడు పొయ్యిలో నిప్పు ఆర్పి నీళ్ళు చల్లిన తరువాతనే పొలమునకు వెళ్ళు ఇల్లాండ్రు పూర్వము ప్రతి ఇంట నుండిరి. ఎండిన కప్పుక్రింద పొయ్యి, ఆ ప్రక్కనే మేడమీద మరియొక ఎండిన కప్పు, దానిక్రింద వందలకొలది పిల్లలు, దిగుటకు ఇరుకు మెట్లు! ఇందులో అపాయమున్నదని తెలియుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. ఆ బడికి రోజూ వచ్చుపోవువారు ఎందరో ఉండిరి. యజమానులు, ఉపాధ్యాయులు, వంటవారు, గుర్తింపు ఇచ్చిన శాఖవారు, పురపాలకులు, పిల్లలను దిగవిడచు తల్లిదండ్రులు, అందరును ఆ కప్పును చూచినవారే. చూచుట అందరి పనియై, చెప్పుట ఎవరి పనియు కాకపోయెను.

ఆ కేసు తంజావూరు కోర్టులో తేలుటకు పది సంవత్సరములు పట్టెను. 2014 జూలైలో 10 మందిని దోషులనియు 11 మందిని నిర్దోషులనియు తీర్పు వచ్చెను. శిక్ష పడినవారిలో యాజమాన్యమువారే గాక విద్యాశాఖ ఉద్యోగులును ఉండిరి. 2017లో మద్రాసు హైకోర్టు అప్పీలులో ఆ శిక్షలను చాలవరకు సడలించెను. పిల్లలను పోగొట్టుకొన్న ఇండ్లవారికి ఆ తీర్పులలో ఏది ఊరట కలిగించునో ఊహించుట కష్టము. అగ్ని ఆరిన తరువాత ఎవరి తప్పు ఎంతయని తూచుట న్యాయస్థానమునకే ఇంత కష్టమైనప్పుడు, ఆ తూనికను ముందుగానే కాగితముమీద పెట్టియుంచుట ఎంత అవసరమో ఆలోచింపదగును.

ఆ దుర్ఘటన జరిగిన ఏడే ఒక న్యాయవాది సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము వేసెను. 2009 ఏప్రిల్ 13న తీర్పు వెలువడెను. విద్యాహక్కు అనగా క్షేమకరమైన పాఠశాలలో చదువుకొను హక్కు అని న్యాయస్థానము భావము చెప్పెను. ఆ ఆజ్ఞ కుంభకోణమునకు మాత్రమే కాదు, తెలుగు జిల్లాలలోని ప్రతి బడికిని వర్తించును. జాతీయ భవన నియమావళి ప్రకారము కట్టడము సురక్షితమని చూచిన మీదటనే గుర్తింపు ఇయ్యవలెను. ప్రభుత్వ పాఠశాలలును, ప్రైవేటు పాఠశాలలును ఆరు నెలలలో నిప్పు ఆర్పు సాధనములు అమర్చుకొనవలెను. వానిని వాడుటలో సిబ్బందికి శిక్షణ ఇయ్యవలెను. మండు పదార్థములను, విష పదార్థములను బడిలో ఉంచరాదు. ఇవియన్నియు ఒక ఎత్తు, ఆ తీర్పులోని మరియొక మాట ఒక ఎత్తు. సక్రమముగా తనిఖీ చేసిన తరువాతనే క్షేమ సర్టిఫికెటు ఇయ్యవలెననియు, ఆ విధిలో ఏమరిన అధికారులపై వెంటనే క్రమశిక్షణ చర్య తీసికొనవలెననియు న్యాయస్థానము ఆజ్ఞాపించెను.

అనగా సంతకమునకు ప్రాణము పోసిన తీర్పు అది. కాగితముల నడుమ పని చేయువారికి సంతకము ఎంత తేలికయైన వస్తువో తెలియును. పది కట్టలు ఎదుట పెట్టి, బండి బయట నిలిపి, త్వరపెట్టినచో చదువకయే సంతకము పడును. మెట్లు ఎక్కి చూడకయే మెట్లు బాగున్నవని వ్రాయవచ్చును. ఎర్రని డబ్బా గోడకు తగిలించి యున్నచో నిప్పు ఆర్పు సాధనము కలదని వ్రాయవచ్చును, దానిని తిరిగి నింపిన తేదీ ఎన్నడో చూడనక్కరలేకుండ! కావున గ్రామస్థులు సర్టిఫికెటు ఉన్నదా అని అడిగి ఊరకొనరాదు. ఏ తేదీన, ఏ అధికారి, ఎంతసేపు, ఏయే గదులు చూచి వ్రాసిరని అడుగవలెను. కిటికీలకు కమ్ములున్న గదికి రెండవ ద్వారము కలదా? వెనుక ద్వారమునకు తాళమున్నచో చెవి ఎవరి మొలలో ఉన్నది? గ్యాసు సిలిండరు వంటగది లోపలనా, వెలుపలనా? వానకు తడిసిన గోడమీద విద్యుత్తు తీగ ఎట్లున్నది? బావికి గట్టు, తొట్టికి మూత కలవా? ఇవి అడుగుటకు ఎవరికిని పెద్ద చదువు అవసరము లేదు. ఇల్లు కట్టుకొన్న ప్రతి గృహస్థుడును తాపీమేస్త్రిని అడుగు ప్రశ్నలే.

అదే తేదీ మరల వచ్చెను. 2013 జూలై 16. బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామము. ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు రసాయన పరీక్షలో తేలెను. ఆ పేరు ప్రత్తి పండించు రైతులకు ఎవరికిని క్రొత్త కాదు. నూనె వాసన తేడాగా ఉన్నదని వంటమనిషి చెప్పినను వంట ఆగలేదని అప్పటి పత్రికలలో వచ్చెను. 2016లో ప్రధానోపాధ్యాయురాలికి 17 సంవత్సరముల శిక్ష పడెను.

ఇక్కడ రెండు విషయములు ఆగి చూడవలెను. మొదటిది పల్లెలలో అందరును చేయు పొరపాటు. మందు అయిపోయిన డబ్బా గట్టిది, మూత బిగువైనది. కడిగి కిరసనాయిలు పోయుటకో, నీళ్ళకో, గింజలకో వాడుకొనుట ఎన్ని ఇండ్లలో లేదు? ఆ డబ్బా ఇంటినుండి పొలమునకు, పొలమునుండి ఇంటికి తిరుగుచు ఏదో ఒకనాడు బడి వంటశాల చేరినచో ఏమగునో ఊహింపవలెను. బడి ఆవరణలోనికి ఖాళీ మందు డబ్బా రాకూడదను కట్టడి సర్కారు ఉత్తర్వు వచ్చువరకు ఆగనక్కరలేదు, గ్రామమే చేసికొనవచ్చును.

రెండవది వంటమనిషి మాట. వాసన తేడాగా ఉన్నదని ముందుగా గ్రహించునది ఆమె ముక్కే. ఆ వంటశాలలో అధికారము అన్నింటికంటె తక్కువైనదియు ఆమెకే. జవాబుదారీ అనగానే పై అధికారి క్రిందివారిని నిలదీయుటయని సాధారణముగా అనుకొందురు. క్రిందివారు 'ఇది వండను' అని చెప్పి నిలువగలుగుటయు అందులో భాగమే. ఆమె కాదన్ననాడు కూలి పోదనియు, ఉద్యోగము పోదనియు, ఆ పూట పిల్లలకు అటుకులో అరటిపండ్లో పెట్టుటకు ఏర్పాటు కలదనియు వ్రాసియుంచిననాడే ఆమె నోరు తెరచును. లేనిచో ఏ పేదరాలు పెద్దల మాట కాదని పొయ్యి ఆర్పును? వడ్డించుటకు ముందు పెద్దవారు, వారిలో ఒకరైనను ఉపాధ్యాయులు, రుచి చూడవలెనను నియమము ఉన్నది. ఆంధ్రప్రదేశములో 2024లో ఈ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. గోదావరి లంకలలో వేళకాని వేళ వచ్చిన అతిథికి సైతము అన్నము పెట్టిన ఆ ఇల్లాలి పేరుమీద వడ్డించు కూడు రుచి చూడకయే, రుచి చూచితినని రిజిస్టరులో నెల సంతకములు ఒక్కనాడే చేయుట తగునా?

దారి విషయము కొలది మాటలలో చెప్పవచ్చును. 2014 జూలై 24 ఉదయము మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటువద్ద పాఠశాల బస్సును రైలు ఢీకొనెను. పదిమందికి పైగా పిల్లలు పోయిరి. అటు తరువాత 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములలో కాపలా లేని గేట్లన్నింటిని తొలగించినట్లు రైల్వేశాఖ ప్రకటించెను. గేట్లు పోయినవి గాని, ఆటోలో డ్రైవరు ప్రక్కను ఇద్దరు, వెనుక పదుగురు, వ్రేలాడు సంచులు పోలేదు. ఆ ఆటోకు డబ్బు కట్టువారు తల్లిదండ్రులే గనుక ఈ లెక్కలో వారి పేరును వ్రాసికొనవలెను. పాఠశాల బస్సులో డ్రైవరుగాక మరియొక బాధ్యుడు ఉండవలెనని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది.

ఇక సభలో చెప్పుటకు నాలుక వెనుకాడు విషయము ఒకటి కలదు. అగ్నియు, విషమును కనబడునవి. బడిలో పని చేయు మనుష్యునివలననే బాలునకో బాలికకో కీడు జరిగినచో అది కనబడదు. పిల్ల బడికి పోనని మారాము చేయును, అన్నము సయించదు, నిద్రలో ఉలికిపడును. తల్లికి కారణము తెలియదు, తెలిసినను చెప్పుకొనుటకు సిగ్గు. అట్టి మాట బయటికి పొక్కినప్పుడు పల్లెలలో నడచు పద్ధతి అందరు ఎరిగినదే. పెద్దమనుష్యులు రచ్చబండ దగ్గర కూర్చుందురు. ఆడపిల్ల బ్రతుకనియు, ఊరి పరువనియు, బడి మూతపడుననియు నచ్చజెప్పుదురు. కొంత తప్పు కట్టించి, కాళ్ళు పట్టించి, కాగితము వ్రాయించి చింపివేయుదురు. ఆ మనుష్యుడు కొన్నాళ్ళకు బదిలీయై పోవును. ఊరు ఊపిరి పీల్చుకొనును.

ఎక్కడికి పోయెను? మరియొక ఊరి బడికి. అక్కడను పిల్లలే కదా ఉన్నారు! ఒక పుటలోని బాకీని మరియొక పుటకు ఎత్తివ్రాసినంత మాత్రమున బాకీ తీరదని వడ్డీ వ్యాపారికి సైతము తెలియును.

ఇట్టి రాజీకి చట్టము ఎంత మాత్రము చోటీయలేదు. లైంగిక నేరములనుండి బాలల రక్షణకై 2012లో చేసిన పోక్సో చట్టము ఆ ఏడు నవంబరు 14న అమలులోనికి వచ్చెను. పదునెనిమిదేండ్లు నిండని ప్రతివారును దాని లెక్కలో బాలలే, మగపిల్లలైనను ఆడపిల్లలైనను. విద్యాసంస్థ సిబ్బంది అట్టి నేరము చేసినచో అది మరింత తీవ్రమైన నేరముగా ఎంచబడును. నేరము జరిగినదని తెలిసినవారు, జరుగునేమోయని అనుమానము కలవారు సైతము పోలీసులకు తెలుపవలెనని 19వ సెక్షను. తెలుపనిచో ఆరు నెలలవరకు, సంస్థకు పెద్దయై యుండి తన క్రింది ఉద్యోగిని గూర్చి తెలుపనిచో ఏడాదివరకు జైలు అని 21వ సెక్షను. రచ్చబండ దగ్గర కూర్చుండి కాగితము చింపిన పెద్దమనుష్యులు తాము ఉపకారము చేసితిమని అనుకొందురు గాని, విషయము తెలిసియు పోలీసులకు తెలుపకుండుటచే వారే ఆ సెక్షనుక్రిందికి వత్తురు. ఇది వినుటకు కటువుగా ఉండవచ్చును. ఈ సభలో ఇట్టి పెద్దరికము చేసినవారు ఎవరైనను ఉన్నచో వారు మంచి ఉద్దేశముతోనే చేసియుందురు. ఉద్దేశము మంచిదైనను పిల్లకు దక్కినది మౌనమే.

పోలీసుస్టేషను పేరు వినగానే తల్లిదండ్రులు భయపడుట సహజము. అందుకు చట్టములోనే కొంత ఉపశమనము కలదు. పిల్ల వాఙ్మూలమును ఇంటివద్దగాని, పిల్ల కోరిన చోటగాని తీసికొనవలెను. వీలైనంతవరకు మహిళా ఎస్సై తీసికొనవలెను. ఆ సమయమున పోలీసు దుస్తులలో ఉండరాదు. రాత్రివేళ ఏ కారణముచేతను బాలలను స్టేషనులో ఉంచరాదు. పేరుగాని, ఫోటోగాని, ఊరు బడి తెలియు వివరములుగాని పత్రికలలో వేయరాదు. సద్బుద్ధితో సమాచారమిచ్చినవారిపై కేసు నిలువదు. 1098 నెంబరునకు ఫోను చేసినచో రాత్రియనక పగలనక పలుకుదురు. ఆ నెంబరు బడిగోడమీద పెద్దల ఎత్తున కాక పిల్లల కన్నుల ఎత్తున వ్రాయవలెను.

భారతములోనే మాండవ్యుని కథ కలదు. బాల్యమున పురుగులను గడ్డిపుల్లలతో గ్రుచ్చినందుకు ఆయనకు పెద్దయైన తరువాత కొరత శిక్ష వచ్చెను. ఇంత చిన్న తప్పునకు అంత శిక్షయా అని ఆ ముని యమధర్మరాజునే నిలదీసి, పదునాలుగేండ్లలోపు చేసినది పాపముగా ఎంచరాదని హద్దు పెట్టెను. యముడు విదురుడై పుట్టవలసివచ్చెను. ధర్మము పేరుమీద శిక్షించువాడు సైతము లెక్క చెప్పవలసియున్నదనుటకు ఇంతకంటె పెద్ద సాక్ష్యము వెదకనక్కరలేదు. బెత్తము లేనిదే చదువు రాదను తాతలకు ఈ కథ ఒకసారి చదివి వినిపించుట మంచిది.

ఉపాధ్యాయుల పక్షమున చెప్పవలసినదియు ఉన్నది. అది చెప్పకున్న ఈ ప్రసంగము ఒంటిప్రక్క తక్కెడయగును. పల్లెబడిలో ఒక్కడో ఇద్దరో ఉపాధ్యాయులు. పాఠము చెప్పువాడు ఆయనే, బియ్యపు లెక్క ఆయనదే, ఫోనులో ఫోటోలు తీసి పంపువాడు ఆయనే, ఎన్నికలు వచ్చినను, జనాభా లెక్కలు వచ్చినను వెళ్ళువాడు ఆయనే. ఐదు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టినవానిని, ఆరవ మూలలో ఏమి జరిగినదో చెప్పుమని నిలదీయుట ధర్మము కాదు. బాధ్యత అప్పగించువారు అందుకు కావలసిన మనిషిని, వేళను, సామగ్రిని అప్పగించి, ఆ పిమ్మట లెక్క అడుగవలెను. ఉపాధ్యాయుడు గోడ పగిలినదని పై అధికారికి జాబు వ్రాసినచో ఆ జాబు నకలు, అందిన తేదీ భద్రముగా ఉండవలెను. గోడ కూలిననాడు ఆ నకలే ఆయనను కాపాడును, బాధ్యత జాబు అందుకొన్న బల్ల దగ్గరికి పోవును. నిందలు వచ్చినప్పుడు విచారణ ఒక పద్ధతి ప్రకారము, వ్రాతమూలకముగా, గడువులోగా జరుగుట నిర్దోషికే ఎక్కువ మేలు. రచ్చబండ గుసగుసలలో నిర్దోషి సైతము తలెత్తుకొనలేడు. బడి గౌరవము కాపాడు ఉపాధ్యాయులు ఇట్టి పద్ధతిని చూచి భయపడనక్కరలేదు.

2021లో కేంద్ర విద్యాశాఖ పాఠశాలల క్షేమమును గూర్చి మార్గదర్శకములు ప్రకటించెను. ప్రైవేటు బడిలో యాజమాన్యముది, ప్రధానోపాధ్యాయునిది, ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయునిది, ఉపాధ్యాయులది, విద్యాశాఖ పాలకులది బాధ్యతయని అందు పేర్కొనిరి. ప్రభుత్వ, ఎయిడెడు బడులలో యాజమాన్య సంఘము ఉండవలెననియు, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెననియు విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. చాల చోట్ల ఆ సంఘము ఎన్నిక నాడు కూడి, ఫోటో దిగి, మరల కనబడదు. స్త్రీ సభ్యురాలి బదులు భర్త వచ్చి సంతకము చేయు ఊళ్ళును కలవు. వంటశాలను, మరుగుదొడ్డిని, పిల్లల ముఖములను చూచి ఏమి జరుగుచున్నదో గ్రహింపగలవారు తల్లులే గనుక వారినే రానీయవలెను.

ఈ గ్రామములో ఈ ఏడే మొదలిడదగినవి కొన్ని కలవు. సాయంకాలపు హాజరు ఒక గడి. రాని పిల్ల ఇంటికి ఉదయమే కబురు, ఎవరు చేసిరో వారి పేరు. నెలకొకసారి గంట కొట్టి అన్ని గదుల పిల్లలను ఆటస్థలమునకు నడిపించి, ఎన్ని నిమిషములు పట్టెనో వ్రాయుట. కుంటివానిని, చూపు తక్కువ పిల్లను ఎవరు చేయి పట్టుకొనవలెనో ముందే పేరు పెట్టియుంచుట. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుపుస్తకము, ఒక గడియారము చాలును.

గ్రంథాలయ కార్యవర్గమువారికి ఒక మనవి. వార్తాపత్రికలు ఉంచు బల్లమీద ఒక ఫైలు ఉంచవచ్చును. అందు పాఠశాల భవన సర్టిఫికెటు నకలు, యాజమాన్య సంఘ సభ్యుల పేర్లు, ప్రతి సమావేశపు తీర్మానములు, పైన చెప్పిన చట్టముల తెలుగు ప్రతులు ఉండవలెను. బాలల పేర్లు ఉండు ఏ కాగితమును అందు చేర్చరాదు. చదువరాని తల్లులకు శనివారము సాయంకాలము చందాదారులలో ఒకరు చదివి వినిపింపవచ్చును. ఫైలునకు కావలసిన అట్టలును, దారమును గ్రంథాలయపు బీరువాలో ఇప్పుడే ఉన్నవి.